మైకేల్ ఫారడే మహాశయుడు: విద్యుత్తును కొలిచి చూపిన కమ్మరి కుమారుడు

రాజ్యములను జయించినవారి పేరులు శాసనములలో నిలుచును. ప్రకృతి రహస్యములను కనుగొనినవారి పేరులన్ననో, మనము ప్రతిదినము చేతబట్టు వస్తువులలో మరుగుపడి యుండును. మైకేల్ ఫారడే యీ రెండవ కోవకు చెందినవాడు. ఇంట దీపము వెలుగుటకును, పంకా తిరుగుటకును, బ్యాటరీ నిండుటకును ఆయన కనుగొనిన సూత్రములే యాధారములు. అయినను మీట నొక్కునపుడు ఆయనను తలచువారు మనలో బహు కొలదిమంది.

ఈ దినములలో బాలబాలికలు కొందరు థర్మాకోలు రేకులతోను, తేలికయైన బాల్సా కొయ్యతోను చిన్న విమానములు చేసి, చేతిలోని రేడియో పెట్టెతో వానిని ఆకాశమున నడుపుచు ఆనందించుచున్నారు. ఇది మెచ్చదగిన వినోదము. చేతికి నేర్పును, బుద్ధికి పదునును కలిగించునది. కాని విమానమును గూర్చి నెలల తరబడి యోజించువారు సైతము, దాని బ్యాటరీని నింపు ఛార్జరు విషయమున అంగడివాడు చేతికిచ్చినదానితో తృప్తిపడుచున్నారు. ఛార్జరు విషయమైన యేమరుపాటు బ్యాటరీని చెరుపుటయే కాక, ఒక్కొక్కప్పుడు ఇంటికి నిప్పు పెట్టును. కావున ఇది పిల్లల యాటగా మాత్రమే యెంచదగినది కాదు.

ఆ చిన్న విమానమును త్రిప్పు మోటారునకు మూలము, ఛార్జరునందలి ట్రాన్స్‌ఫార్మరునకు మూలము, బ్యాటరీలో నిండు విద్యుత్తును కొలుచు కొలతకు మూలము – ఈ మూడును ఫారడే చేతులలోనుండి వెలువడినవే. అందుచేత ఆయన చరిత్రమును చదివినవానికి ఛార్జరును ఎట్లు ఎంచుకొనవలయునో వేరుగ బోధింప నక్కరలేదు.

జననము, బాల్యము

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, లండను నగరమునకు దక్షిణముననున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ ఉత్తర ఇంగ్లండునుండి బ్రతుకుతెరువునకై వచ్చిన కమ్మరి, తల్లి మార్గరెట్. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. తండ్రి తరచుగా జబ్బుపడుచుండుటచే కొలిమి పని సాగక, ఆ కుటుంబము మిక్కిలి యిక్కట్లు పడెను. 1801 ప్రాంతమున ధాన్యము ధర పెరిగినపుడు, వారమంతటికి ఒక్క రొట్టెయే ఆ బాలునకు భాగముగా దక్కెడిదట. ఆ కుటుంబము శాండిమేనియనులను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినది. ఆడంబరము లేని జీవనమును, ధనము కూడబెట్టుకొనకుండుటయు ఆ సంఘమువారి నియమములు. ఈ శిక్షణ ఆయనయందు తుదివరకు నిలిచెను.

బడిలో ఆయన నేర్చినది చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు మాత్రమే. 1804లో, పదుమూడవ యేట, జార్జి రీబో అను పుస్తక వర్తకుని యంగడిలో వార్తాపత్రికలు మోయు కుఱ్ఱవాడుగా చేరెను. ఆ బాలుని శ్రద్ధను చూచి వర్తకుడు మరుసటి సంవత్సరము, రుసుము పుచ్చుకొనకయే, ఏడేండ్ల గడువుతో పుస్తకములకు అట్టలు కట్టు పనిలో శిష్యునిగా నుంచుకొనెను.

తోడివారు పుస్తకములను కుట్టి ప్రక్కన పెట్టుచుండగా, ఫారడే వానిని విప్పి చదువసాగెను. అట్టకు వచ్చిన విజ్ఞాన సర్వస్వమునందు విద్యుచ్ఛక్తిని గూర్చిన వ్యాసము ఆయన కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి రసాయనశాస్త్రమును సంభాషణల రూపమున వ్రాసిన గ్రంథము మరియొకటి దొరకెను. చదివినదానిని చదివినట్లే నమ్ముట ఆయన స్వభావమునకు సరిపడదు. వారమునకు మిగిలిన కొలది పెన్నీలతో సీసాలు, తీగలు, మందులు కొని, పుస్తకములో చెప్పినది నిజమో కాదో తానే చేసి చూచుకొనెడివాడు. అచ్చులో నున్నదానిని కొలతకు పెట్టి చూచు ఈ యలవాటే తరువాత ఆయనకు కీర్తి తెచ్చినది.

1810 మొదలు టేటమ్ అను నాతడు తన యింట సాయంకాలములందు ఇచ్చు శాస్త్రోపన్యాసములకు ఫారడే పోవుచుండెను. ఒక్కొక్క యుపన్యాసమునకు ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. తండ్రి వృత్తినే చేపట్టిన అన్న రాబర్టు, కొలిమి ముందు చెమటోడ్చి సంపాదించిన సొమ్ములోనుండి తమ్ముని కొరకు ఆ రుసుమును చెల్లించెను. ఆ యన్న పేరును శాస్త్రచరిత్రలు విస్తరించి చెప్పవు. అయినను ఆయన యిచ్చిన షిల్లింగులు వ్యర్థము కాలేదు.

ఏడు నాణెముల బ్యాటరీ

1812 జూలైలో, ఇరువది యేండ్ల వయస్సున, ఫారడే తన మొదటి బ్యాటరీని చేసెను. అంతకు పండ్రెండేండ్ల ముందు, 1800లో, ఇటలీ దేశస్థుడగు వోల్టా పండితుడు రెండు లోహముల బిళ్ళల నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్క నుంచి పేర్చినయెడల ఎడతెగని విద్యుత్ప్రవాహము పుట్టునని లోకమునకు తెలిపియుండెను. మన అట్టలు కట్టువాని యొద్ద అంతటి సామగ్రి యెక్కడిది? ఏడు అర్ధపెన్నీ రాగి నాణెములను, వాని యంతటి ఏడు తుత్తునాగపు బిళ్ళలను, ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలను ఒకదానిపై నొకటి పేర్చెను. ఆ చిన్న దొంతి యిచ్చిన విద్యుత్తుతో భేది ఉప్పు ద్రావణమును విడగొట్టి చూచి ఆనందపరవశుడయ్యెను.

బాలబాలికలారా, ఇచ్చట ఒక విషయము గమనింపుడు. ఒక్కొక్క జత బిళ్ళలు కొలదిపాటి బలమునే యిచ్చును. జతలు పెరిగినకొలది బలము పెరుగును. ఈ బలమునకే తరువాత వోల్టా పేరు మీద వోల్టు అను కొలత యేర్పడినది. నేటి విమానపు బ్యాటరీపై ఒక సెల్లు, రెండు సెల్లులు, మూడు సెల్లులు అని వ్రాసియుండుటకు అర్థమిదియే. నాటి ఏడు నాణెముల దొంతియు, నేటి మూడు సెల్లుల పొట్లమును ఒకే కుదురునకు చెందినవి.

డేవీ పండితుని యాశ్రయము

అంగడికి వచ్చు డాన్స్ అను నొక పెద్దమనిషి ఫారడే యాసక్తిని గుర్తించి, 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను శాస్త్రపీఠమునందు సర్ హంఫ్రీ డేవీ యిచ్చు నాలుగు ఉపన్యాసములకు చీట్లను ఇచ్చెను. ఫారడే ప్రతి మాటను శ్రద్ధతో వినెను, ఇంటికి వచ్చి విపులముగా వ్రాసెను, చిత్రములను చేర్చెను, తన చేతులతోనే చక్కని యట్ట కట్టెను. ఆ గ్రంథమును డేవీకి పంపి, శాస్త్రసేవలో తనకేదైన పని యిప్పింపుమని ప్రార్థించెను. కొన్నాళ్ళకు ఆ ప్రయోగశాలలో నొక స్థానము ఖాళీపడగా, డేవీ ఆయనను పిలిపించెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే సహాయకునిగా నియమింపబడెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడపై రెండు గదులు, వంటచెరకు, క్రొవ్వొత్తులు – ఇవియే ఆయన పొందినవి.

ఆ యేడు అక్టోబరులో డేవీ దంపతులతో ఆయన ఐరోపా ఖండ యాత్రకు బయలుదేరెను. డేవీగారి భార్య ఆయనను పనివానిగా చూచి, సేవకుల పంక్తిలో భుజింపజేసెను. ఫారడే యా యవమానమును దిగమ్రింగి, కనుపించిన ప్రతి ప్రయోగశాలను, ప్రతి పండితుని పాఠశాలగా నెంచుకొనెను. 1814 జూనులో మిలాను నగరమున 69 ఏండ్ల వృద్ధుడైన వోల్టాను ఆయన దర్శించెను. ఏడు నాణెములతో వోల్టా దొంతిని అనుకరించిన యువకునకు ఆ దర్శనము ఎట్టి పండుగయో మనము ఊహింపవచ్చును.

తిరుగుడు తీగ

1821 జూను 12వ తేదీన ఫారడే సారా బర్నార్డును వివాహమాడెను. ఆ సెప్టెంబరు మాసముననే ఒక చిన్న పాత్రలో పాదరసము పోసి, నడుమ అయస్కాంతమును నిలిపి, పైనుండి వ్రేలాడు తీగలో విద్యుత్తును ప్రవహింపజేసెను. ప్రవాహమున్నంతసేపు ఆ తీగ అయస్కాంతము చుట్టు ప్రదక్షిణము చేయసాగెను. విద్యుత్తు ఎడతెగక త్రిప్పుడుగా మారుట లోకమున అదియే మొదటిసారి. ఇది మోటారునకు ఆదిరూపము. నేడు చిన్న విమానపు ముక్కున గిరగిర తిరుగు మోటారు దీని సంతతిలోనిదే.

కీర్తితోపాటు నిందయు వచ్చెను. వోలాస్టన్ అను పెద్ద పండితుని తలంపును ఫారడే తీసికొనెనని కొందరు గుసగుసలాడిరి. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఆయన పేరు వచ్చినపుడు గురువగు డేవీయే అడ్డుపడెను. అయినను ఫారడే ఎన్నికయ్యెను. తరువాతి కాలమున కూడ డేవీని గౌరవముతోనే స్మరించెను గాని, నోట పరుషపు మాట రానీయలేదు.

ఇనుప ఉంగరము

1831 ఆగస్టు 29వ తేదీ విద్యుచ్ఛాస్త్రమున పర్వదినము. ఫారడే మెత్తని యినుముతో ఆరంగుళముల వ్యాసముగల ఉంగరమును చేయించి, ఒక ప్రక్క ఒక రాగితీగ చుట్టను, రెండవ ప్రక్క మరియొక చుట్టను చుట్టెను. తీగలు ఒకదానినొకటి తాకకుండ నడుమ దారమును, గుడ్డను ఉంచెను. మొదటి చుట్టకు బ్యాటరీని తగిలించినంతనే, దానితో సంబంధమే లేని రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టి, సూది యొక్కసారి కదలి తన చోటికి తిరిగివచ్చెను. బ్యాటరీని తీసినపుడు సూది మరల కదలెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపు మాత్రము కదలలేదు. మార్పు కలిగినపుడే రెండవ చుట్ట మేల్కొనునని ఫారడే గ్రహించెను. అక్టోబరు 17న తీగచుట్టలోనికి అయస్కాంతమును దూర్చి తీసి విద్యుత్తును పుట్టించెను. అదే నెల 28న అయస్కాంత ధ్రువముల నడుమ రాగి పళ్ళెమును త్రిప్పి ఎడతెగని ప్రవాహమును సాధించెను.

ఈ ప్రయోగఫలమును చూచుటకు పరవాడవాసులు దూరము పోనక్కరలేదు. మన యొద్దనున్న సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము 2002లో విద్యుదుత్పత్తి ప్రారంభించి, నేడు ఒక్కొక్కటి 500 మెగావాట్లుగల నాలుగు యంత్రములతో మొత్తము 2000 మెగావాట్ల శక్తిగలదై యున్నది. బొగ్గు మండి నీరు ఆవిరియగును. ఆ యావిరి చక్రములను నిమిషమునకు 3000 మారులు త్రిప్పును. దానితో అయస్కాంతము తీగచుట్టల నడుమ తిరుగగా విద్యుత్తు పుట్టును. ఫారడే బల్లమీద చేసిన యాటయే ఇచ్చట పర్వతాకారము దాల్చినది.

ఉంగరమునకు మరియొక సంతానము కలదు. అది ట్రాన్స్‌ఫార్మరు. చుట్టల సంఖ్యను బట్టి వోల్టులను పెంచుటకును, తగ్గించుటకును దాని మూలముననే వీలగుచున్నది. గోడలోనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును నేరుగా చిన్న బ్యాటరీకి ఇచ్చినచో అది క్షణములో నాశనమగును. ఛార్జరులోనో, దానికి విద్యుత్తును అందించు పెట్టెలోనో దాగియున్న చిన్న చుట్టల జంటయే ఆ వడిని తగ్గించి, గోడ విద్యుత్తునకును మన చేతికిని నడుమ అడ్డుగోడయై నిలుచును. నేటి యంత్రములలో ప్రవాహము సెకనుకు వేలకొలది మారులు మారుచుండును గనుక ఆ చుట్టలు మిక్కిలి చిన్నవైనవి; సూత్రము మాత్రము 1831 నాటిదే. పేరూరు లేని చవుక సరకులో ఈ యడ్డుగోడ బలహీనముగా నుండవచ్చును గనుక, బి.ఐ.ఎస్. ముద్రగల పెట్టెనే కొనుట క్షేమము.

విద్యుత్తునకు తూకము

మోటారు, ట్రాన్స్‌ఫార్మరు అయినవి. ఇక మిగిలినది కొలత. 1832 మొదలు 1834 వరకు ఫారడే ద్రవములగుండ విద్యుత్తును పోనిచ్చి, ఏ పదార్థము ఎంత విడిపోవునో ఓపికతో తూచెను. నీటిని విడగొట్టగా పుట్టిన వాయువును గాజుగొట్టములో పట్టి, దాని పరిమాణమును బట్టి ప్రవహించిన విద్యుత్తును లెక్కించు సాధనమును నిర్మించెను. తేలిన నియమము సరళమైనది: ఎంత విద్యుత్తు పోయెనో, అంతకు తగినంత పదార్థమే మారును. ఎక్కువయు లేదు, తక్కువయు లేదు. తొందరపడినను, ఆలస్యము చేసినను, ఆ లెక్క తప్పదు.

ఈ శాస్త్రమునకు క్రొత్త మాటలు కావలసివచ్చెను. కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ సాయముతో 1834లో ఎలక్ట్రోడు, ఆనోడు, కాథోడు, అయాను మున్నగు పదములను ఫారడే ప్రవేశపెట్టెను. అయాను అనగా గ్రీకు భాషలో పోవునది యని యర్థము. నేడు మన విమానముల బ్యాటరీలు లిథియం అయాను జాతికి చెందినవి. వానిలో అతిసూక్ష్మములైన లిథియం కణములు, నింపునపుడు ఒక దరినుండి రెండవ దరికిని, విమానమెగురునపుడు మరల మొదటి దరికిని పోవుచుండును. ఈ తరగతి బ్యాటరీలు జపాను దేశమున 1991లో అంగడికి వచ్చినవి. ఫారడే పుట్టిన సరిగా రెండువందల యేండ్లకు ఆయన పెట్టిన పేరు అంగడి సరకుపై కెక్కినది.

ఆ నియమమును ఒక యుదాహరణముతో చూతము. 500 మిల్లీ ఆంపియరు-గంటలు అని వ్రాసిన ఒక సెల్లు బ్యాటరీ కలదు. అనగా అర ఆంపియరు ప్రవాహమును ఒక గంట యిచ్చునది. ఫారడే లెక్క ప్రకారము దానిని పూర్తిగా నింపుటకు ఒక దరినుండి రెండవ దరికి చేరవలసిన లిథియం ఇంచుమించు 0.13 గ్రాము. కంసాలి త్రాసులో నుంచిన ఒక గురిగింజ యెత్తు! అంత కొలదిపాటి వస్తువు విమానమును నింగికెత్తుచున్నది. నిండిన పిదపను మనము నిర్బంధించి విద్యుత్తును త్రోసినచో, ఆ వచ్చిన లిథియం కుదురుగా చేరుటకు చోటులేక లోహముగా పేరుకొనును, లోపలి ద్రవము చెడి వాయువులు పుట్టును, బ్యాటరీ ఉబ్బును, కడకు మండును. కావున మంచి ఛార్జరు అనగా త్వరగా నింపునది కాదు. కొలిచి యిచ్చి, వేళకు ఆగునది.

ఛార్జరును ఎంచుకొను విధము

ఈ సూత్రము తెలిసినవాడు అంగడిలో ఐదు విషయములు విచారింపవలయును.

మొదటిది జాతి. నికెల్ బ్యాటరీల సెల్లు 1.2 వోల్టులది, లైపో అని పిలుచు లిథియం పాలిమర్ సెల్లు 3.7 వోల్టులది. నికెల్ ఛార్జరు, బ్యాటరీ నిండినపుడు వోల్టులు ఇంచుక తగ్గుటను కనిపెట్టి ఆగును. లైపోలో ఆ తగ్గుదల కనబడదు. కనుక నికెల్ ఛార్జరు ఆ గురుతుకై ఎదురుచూచుచు విద్యుత్తును త్రోయుచునే యుండును. అది ప్రమాదహేతువు. ఛార్జరుపై లైపోకు ప్రత్యేకమైన విధానము ఉండితీరవలెను. ప్రతిసారి దానిని సరిచూచుకొనియే మీట నొక్కవలెను.

రెండవది వోల్టుల హద్దు. నిండిన లైపో సెల్లు 4.2 వోల్టులు. రెండు సెల్లులకు 8.4, మూడు సెల్లులకు 12.6. మంచి ఛార్జరు మొదట నిలుకడగల ప్రవాహమునిచ్చి, ఈ హద్దు చేరినంతనే వోల్టులను అచ్చటనే నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గించి, పిదప ఆపివేయును. బిందె నిండవచ్చినపుడు గృహిణి నీటి ధారను సన్నము చేయునట్లు ఇది జరుగును.

మూడవది ప్రవాహపు కొలత. సామాన్యముగ బ్యాటరీ గంటకెంత యిచ్చునని వ్రాసియున్నదో అంతటి ప్రవాహముతోనే నింపుట క్షేమము. 500 మిల్లీ ఆంపియరు-గంటలకు అర ఆంపియరు, 2200కు 2.2 ఆంపియరులు. చిన్న విమానములవారు ఇచ్చటనే మోసపోవుచున్నారు. పెద్ద ఛార్జరు మేలైనదని యెంచి కొందురు. కాని అరచేతిలో పట్టు విమానపు బ్యాటరీ 150 మిల్లీ ఆంపియరు-గంటలదే యుండవచ్చును. దానికి తగినది 0.15 ఆంపియరు. అర ఆంపియరుకంటె తగ్గించుటకు వీలులేని ఛార్జరు దానికి మూడింతలకు పైగా పోయును. కనుక ఎంత యెక్కువ యియ్యగలదని మాత్రమే అడుగక, ఎంత తక్కువ యియ్యగలదని కూడ అడుగవలెను.

నాలుగవది సమతూకము. రెండు మూడు సెల్లుల బ్యాటరీలో అన్నియు ఒకేసారి నిండవు. మొత్తము 12.6 వోల్టులని కనబడుచుండగా, ఒకటి 4.1 వద్దను, మరియొకటి 4.3 వద్దను ఉండవచ్చును. ఆ రెండవదే అపాయకరము. ఇందుకొరకే అట్టి బ్యాటరీకి లావు తీగలతోపాటు సన్నని తీగల తెల్ల ప్లగ్గు ఒకటి యుండును. మూడు సెల్లులకు నాలుగు తీగలు. ఆ ప్లగ్గునకు చోటుగల ఛార్జరు ప్రతి సెల్లును వేరుగ కొలిచి సమము చేయును. ఒకే సెల్లుగల బ్యాటరీకి దీని యక్కర లేదు.

ఐదవది శక్తి. వోల్టులను ఆంపియరులతో గుణించిన వాట్లు వచ్చును. మూడు సెల్లుల 2200 బ్యాటరీకి 12.6ను 2.2తో గుణించిన ఇంచుమించు 28 వాట్లు. ఇట్టివానికి 50 వాట్ల ఛార్జరు ధారాళముగా చాలును. 200 వాట్లదానికి వెల పెట్టుట వ్యర్థము. మైదానమున నింపుకొనగోరువారు 12 వోల్టుల కారు బ్యాటరీతో కూడ పనిచేయు ఛార్జరును చూచుకొనవలెను.

వీనికి తోడు, ఫారడే యలవాటును మరువరాదు. పెట్టెమీద వ్రాసినదానిని నమ్మి యూరకుండక, చిన్న మీటరు కొని, నిండినదని ఛార్జరు చెప్పినపుడు ప్రతి సెల్లును కొలిచి చూడవలెను. 4.2 దాటి చూపు ఛార్జరును తిరిగి యిచ్చివేయుటయే మంచిది.

గనిలో జరిగిన సంగతి

1844 సెప్టెంబరు 28న ఇంగ్లండులోని హాస్వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 95 మంది మరణించిరి. ప్రభుత్వము భూగర్భశాస్త్రజ్ఞుడగు లైయెల్‌ను, ఫారడేను విచారణకు పంపెను. గనిలో గాలి వేగమును కొలుచుటకు అచ్చటి యుద్యోగి చిటికెడు తుపాకిమందును క్రొవ్వొత్తి మంటలో వేసి పొగను చూపెను. ఆ మందు ఎక్కడ దాచుదురని ఫారడే అడుగగా, బిగియగట్టిన సంచిలో దాచుదుమనిరి. సంచి యెక్కడనున్నదని మరల అడుగగా, తమరు కూర్చున్నది దానిమీదనే యని చెప్పిరి! అతిథి మెత్తగా కూర్చుండునని దానిని పీటగా వేసియుండిరి. ఆయన చప్పున లేచి, వారి యజాగ్రత్తకు గట్టిగా మందలించెను.

మనము నవ్వుకొనవచ్చును. అయితే నింపుచున్న లైపో బ్యాటరీని పరుపుమీదనో, తెరల చెంతనో, తాటాకు పాకలోనో విడిచి నిద్రించువాడు ఆ సంచిమీద కూర్చున్నవాడే. దానిని రాతి బండపైనో, సిమెంటు నేలపైనో ఉంచి, పెద్దలు చూచుచుండగా నింపవలెను. ప్రక్కన పొడి యిసుక బాల్చీ నుంచుకొనవలెను. ఉబ్బినదానిని, దెబ్బ తగిలినదానిని నింపరాదు. ఎగిరి దిగినంతనే వేడిగా నున్నదానిని చల్లారనీయవలెను. సెల్లు 3 వోల్టులకంటె దిగువకు పోకముందే విమానమును దింపవలెను. చాలదినములు దాచునపుడు నిండుగాను, వట్టిగాను గాక, సెల్లుకు ఇంచుమించు 3.8 వోల్టుల వద్ద ఉంచవలెను. తలిదండ్రులు ఈ నియమములను ఛార్జరునకు మించిన విలువగలవిగా నెంచుదురు గాక.

చాలునని యెరిగిన జీవితము

విద్యుత్తునకు కొలత నేర్పిన ఫారడే తన కోరికలకు కూడ కొలత పెట్టుకొనెను. ఆయన ప్రతిభకు కర్మాగారముల యజమానులు విశేష ధనమిచ్చుటకు సిద్ధముగా నుండిరి. ఆ సంపాదనకును, పరిశోధనకును ఒక్క జీవితము చాలదని తెలిసికొని, ఆయన సంపాదనను విడిచిపెట్టెను. సర్ బిరుదమును అంగీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వలదనెను. లైట్‌హౌసులను చూచు ట్రినిటీ హౌస్ సంస్థకు 1836 మొదలు ముప్పది యేండ్లకు దగ్గరగా సలహాదారుగా నుండి, నావికుల ప్రాణరక్షణకై వృద్ధాప్యమున సైతము తీరములవెంట తిరిగెను.

బాలురయందు ఆయనకు గల ప్రేమ యపారము. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మసు ఉపన్యాసములను, 1827 మొదలు 1860 వరకు పందొమ్మిది పర్యాయములు తానే యిచ్చెను. ఒక్క క్రొవ్వొత్తిని చేతబట్టి రసాయనశాస్త్రమంతయు పిల్లల కనులయెదుట నిలిపెను. గణితము తనకు చాలినంత రాదని యెరిగియు సిగ్గుపడలేదు. ఆయన మనస్సున చిత్రముగా చూచిన శక్తిరేఖలను తరువాత మాక్స్‌వెల్ మహాశయుడు గణితరూపమున స్థాపించెను.

1840 ప్రాంతమున ఆయన ఆరోగ్యము చెడి, జ్ఞాపకశక్తి సన్నగిల్లసాగెను. అయినను తన ప్రయోగములను దినచర్యలో వరుస సంఖ్యలతో వ్రాసికొను అలవాటును ఆయన విడువలేదు. ఆ స్థితిలోనే 1845లో అయస్కాంతము కాంతిపై చూపు ప్రభావమును కనుగొనెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఒక గృహమును ఆయన నివాసమునకు ఇచ్చెను. అచ్చటనే 1867 ఆగస్టు 25వ తేదీన, తన కుర్చీలో కూర్చుండియే శాంతముగా కన్నుమూసెను. ఆయన కోరిక ప్రకారమే ఆడంబరము లేక, హైగేటు శ్మశానవాటికలో సమాధి చేసిరి.

విద్యార్థులారా! ఫారడే యొద్ద ధనము లేదు, ఉన్నతవిద్య లేదు, పెద్దల యండ లేదు. ఉన్నది ఏడు నాణెములు, ఓపిక, కొలిచి చూచు బుద్ధి. మీలో ఎవరైన సాయంకాలమున చిన్న విమానమును చేతబట్టి మైదానమునకు పోవునపుడు, దూరమున సింహాద్రి పొగగొట్టములు కనబడును. ఆ కేంద్రములో పుట్టిన విద్యుత్తే మీ యింటి గోడనుండి ఛార్జరులోనికి, ఛార్జరునుండి బ్యాటరీలోనికి వచ్చి, మీ విమానమును ఎగురవేయుచున్నది. ఆ త్రోవలో ప్రతి మజిలీయందును ఫారడే హస్తము కలదు. ఆయనకు మనము చెల్లింపదగిన గౌరవము ఒక్కటే: అడిగి తెలిసికొనుటయు, కొలిచి చూచుటయు, చాలినచోట ఆగుటయు.